ఐఈఎల్‌టీఎస్‌లో అభిప్రాయం చెప్పే ఇంగ్లీష్: నల్లగొండలో నా ప్రిపరేషన్

విదేశాల్లో చదువు, ఉద్యోగం కోసం రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. దాని రైటింగ్‌లో నాతో కలిసి చదివినవాళ్లు చాలామంది తొమ్మిదికి ఆరు దగ్గరే ఆగిపోయారు. లిజనింగ్, రీడింగ్‌లలో ఏడు, ఏడున్నర తెచ్చుకున్నవాళ్లదీ అదే పరిస్థితి. గ్రామర్ వీక్ అనుకుని మళ్లీ టెన్సులు, ఆర్టికల్స్ మొదటి నుంచి చదివారు. వాళ్ల వ్యాసాలు చూస్తే నాకు వేరే సంగతి కనిపించింది. విషయం తెలుసు, అభిప్రాయమూ ఉంది. ఆ అభిప్రాయం ఎంత గట్టిదో చెప్పే మాటలే లేవు. మొదటి పేరాలో 'ఐ స్ట్రాంగ్లీ అగ్రీ', రెండో పేరాలో 'ఐ థింక్', చివర్లో మళ్లీ 'ఐ స్ట్రాంగ్లీ బిలీవ్'. పూర్తిగా ఒప్పుకోవడానికీ పూర్తిగా కాదనడానికీ మధ్య చాలా చోటుంది. ఆ చోటుకు సరిపోయే ఇంగ్లీష్ నేర్చుకోవడం మీదే నేను ఎక్కువ సమయం పెట్టాను. రైటింగ్‌లో 7, స్పీకింగ్‌లో 7.5 వచ్చాయి. తెలుగు మీడియంలో చదివి, జిల్లా గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా తయారయ్యేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ప్రశ్నను సరిగ్గా చదవాలి. రైటింగ్‌లో రెండు టాస్కులుంటాయి, అందులో వ్యాసం రాసేది టాస్క్ 2. దానికి 40 నిమిషాలు పెట్టుకోమంటారు, కనీసం 250 పదాలు రాయాలి. రైటింగ్ మార్కుల్లో దీని వాటా టాస్క్ 1కి రెట్టింపు. ప్రశ్న చివర తరచుగా 'టు వాట్ ఎక్స్‌టెంట్ డు యు అగ్రీ ఆర్ డిసగ్రీ?' అని ఉంటుంది. ఎంతవరకు ఒప్పుకుంటావని అడుగుతున్నారు. పూర్తిగా ఒప్పుకున్నా ఇబ్బంది లేదు. కానీ ఎంతవరకో మొదట్లోనే తెలియాలి, చివరిదాకా అదే మాట మీద ఉండాలి. మార్కులు నాలుగు భాగాలుగా, సమానంగా వేస్తారు: ప్రశ్నకు జవాబిచ్చిన తీరు, ఆలోచనల వరస, పదజాలం, వ్యాకరణం. మన అభిప్రాయం ఎగ్జామినర్‌కు నచ్చాలన్న రూల్ ఎక్కడా లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

కోచింగ్‌లలో ఇచ్చే రెడీమేడ్ వాక్యాల షీట్లను నేను గట్టిగా వద్దంటాను. 'ఇన్ దిస్ మోడ్రన్ ఎరా, ఇట్ ఈజ్ ఎ హైలీ డిబేటబుల్ ఇష్యూ' అని మొదలయ్యే వ్యాసం ఏ టాపిక్‌కైనా అతుకుతుంది. అదే దాని లోపం. బట్టీ పట్టిన వాక్యాలను ఎగ్జామినర్లు ఇట్టే గుర్తుపడతారు, వాటికి మార్కులు రావు. పైగా ఆ వాక్యం రాశాక మన దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు.

నాకు పనికొచ్చిన పద్ధతి ఏమిటంటే, మనకు నిజంగా అభిప్రాయం ఉన్న విషయం మీదే ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేయడం. స్పేస్ టూరిజం మీద నల్లగొండలో ఎవరికి పట్టింపు ఉంటుంది? నల్లమలలో యురేనియం మీదైతే అందరికీ ఉంటుంది. 2019లో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుందిగా. చెంచు పెంటలు (అడవిలో చెంచుల గూడేలు), అడవి, కృష్ణా నీళ్లు ఒక పక్క, దేశానికి కరెంటు అవసరం ఇంకో పక్క. ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం కూడా చేసింది. మాతో చదివే అచ్చంపేట తమ్ముడు ఒకడు దీని మీద తెలుగులో ఆగకుండా మాట్లాడేవాడు. ఇంగ్లీషులో రాయమంటే నాలుగు లైన్లకే పెన్ను పక్కన పెట్టేవాడు.

"యురేనియం తవ్వితే అడవి మొత్తం నాశనమైతది అక్కా, ఇంకేం రాయాలె?" అన్నాడు ఒకసారి.

ఆ ఒక్క వాక్యం పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నాం. 'మైనింగ్ విల్ డిస్ట్రాయ్ ద ఎంటైర్ ఫారెస్ట్' అని రాస్తే, మొత్తం అడవి పోతుందని రుజువేదని ఎవరైనా అడగొచ్చు. 'ఈజ్ లైక్లీ టు డ్యామేజ్', 'కుడ్ కంటామినేట్ గ్రౌండ్‌వాటర్' అంటే వాదన ఇంకా బలపడుతుంది, ఎందుకంటే దాన్ని కొట్టిపారేయడం కష్టం. మే, కుడ్, లైక్లీ, టెండ్ టు వంటి మాటలు వాడితే భయపడుతున్నట్టు ఉంటుందని మనవాళ్లు అనుకుంటారు. ఇంగ్లీషులో చదువుకున్నవాళ్లు వాదించే తీరే అది. అలాగని ప్రతి వాక్యానికీ తగిలించకూడదు. చెంచులు తరతరాలుగా అక్కడే ఉంటున్నారన్నది నిజం, దానికి 'మే' అక్కర్లేదు. తెలిసింది నేరుగా చెప్పాలి, ఊహించింది ఊహగానే చెప్పాలి.

ఆ తర్వాత అవతలి పక్షం. వాడు దాని జోలికే పోనన్నాడు. "వాళ్ల మాట మనమెందుకు రాయాలె?" అని కోపం కూడా వచ్చింది. కానీ అవతలివాళ్ల మాటలో ఉన్న బలాన్ని ఒప్పుకున్నాకే మన మాటకు విలువ. 'అడ్మిటెడ్లీ, ద కంట్రీ నీడ్స్ మోర్ ఎలక్ట్రిసిటీ. ఈవెన్ సో, ఎ టైగర్ రిజర్వ్ ఈజ్ ద రాంగ్ ప్లేస్ టు లుక్ ఫర్ యురేనియం.' ఈ రెండు వాక్యాలు రాసినరోజు వాడి వ్యాసం మారిపోయింది. అడ్మిటెడ్లీ, గ్రాంటెడ్, ఇట్ ఈజ్ ట్రూ దట్ అనేవి ఒప్పుకోవడానికి. ఈవెన్ సో, దట్ సెడ్, నెవర్‌దలెస్ అనేవి ఒప్పుకున్నాక మన దారికి తిరగడానికి. ఒక వ్యాసంలో ఇలాంటి జంట ఒకటి చాలు.

బలాన్ని బట్టి మాటల్ని నోట్‌బుక్‌లో పైనుంచి కిందికి రాసుకున్నాను. అన్నిటికన్నా పైన 'ఐ యామ్ కన్విన్స్డ్ దట్'. దాని కింద 'ఐ బిలీవ్', 'ఐ వుడ్ ఆర్గ్యూ దట్'. ఇంకా కింద 'ఐ యామ్ ఇన్‌క్లైన్డ్ టు అగ్రీ', అంటే ఒప్పుకునే వైపు మొగ్గుతున్నాను కానీ ఇంకా తేల్చలేదని. ఆ కింద 'ఐ యామ్ నాట్ ఎంటైర్లీ కన్విన్స్డ్', 'ఐ హావ్ సమ్ రిజర్వేషన్స్ అబౌట్ దిస్'. రిజర్వేషన్స్ అనగానే మనకు కోటాలు గుర్తొస్తాయి, ఇక్కడ మాత్రం మనసులో ఉన్న సందేహాలని అర్థం. చిట్టచివర 'ఐ డిసగ్రీ', దానికీ కింద 'ఐ కంప్లీట్లీ రిజెక్ట్ ద ఐడియా'. రాసే ముందు ఈ వరసలో నా అభిప్రాయం ఎక్కడుందో వేలుపెట్టి చూసుకునేదాన్ని. వ్యాసం మొత్తం ఆ మెట్టు దాటి పోకుండా రాసేదాన్ని.

ఎవరో అన్నారని రాసే క్రియలు ఇంకా ముఖ్యం. మన జిల్లా ఫ్లోరైడ్ సమస్యతోనే ఇది బాగా అర్థమైంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు, పళ్లు దెబ్బతింటాయని డాక్టర్లు చెప్తారు, అది మనం చూసిన నిజం. అక్కడ 'డాక్టర్స్ పాయింట్ అవుట్ దట్' సరిపోతుంది, ఎందుకంటే పాయింట్ అవుట్ అన్నప్పుడు ఆ సంగతి నిజమని రాసేవాళ్లు కూడా ఒప్పుకున్నట్టే. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చాక ఇక సమస్యే లేదని ఎవరైనా అంటే, నీకు నమ్మకం లేకపోతే 'సమ్ క్లెయిమ్ దట్' అని రాయాలి. క్లెయిమ్ చూడగానే, ఇప్పుడు ఈమె దీన్ని కాదంటుందని చదివేవాళ్లు ఎదురుచూస్తారు. ఏ పక్షం తీసుకోకుండా కారణాలతో వాదించారని చెప్పాలంటే 'ఆర్గ్యూ'. ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారంటే 'కన్సీడ్'. ఇక రిఫ్యూట్ అన్న మాట జాగ్రత్తగా వాడాలి. కాదని చెప్పడం 'డినై', ఆధారాలతో తప్పని నిరూపించడం 'రిఫ్యూట్'. ఆధారం ఇవ్వకుండా 'ఐ రిఫ్యూట్ దిస్' అని రాసిన వ్యాసాలు ఎన్నో చూశాను.

స్పీకింగ్ పార్ట్ 3 నాలుగైదు నిమిషాలే ఉంటుంది. అసలు అభిప్రాయాలు అడిగేది అక్కడే. మనవాళ్లు ఎగ్జామినర్ ఏమన్నా తలూపేస్తారు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని పెరిగాం కదా. కానీ మర్యాదగా కాదనడం మనకు తెలియని పనేం కాదు. ఇంట్లో పెదనాన్నతో "నువ్వన్నది నిజమే పెదనాయినా, కానీ..." అంటూనే మన మాట నెగ్గించుకుంటాం. ఇంగ్లీషులోనూ ఆ తీరే: 'దట్స్ ట్రూ అప్ టు ఎ పాయింట్, బట్', 'ఐ సీ వై పీపుల్ సే దట్, బట్', 'ఐ వుడ్‌న్ట్ గో దట్ ఫార్'. 'యు ఆర్ రాంగ్' మాత్రం వద్దు. 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' కూడా నేను వాడలేదు. పేరుకు గౌరవమే గానీ, దాని తర్వాత గట్టి విమర్శ వస్తుందని వినేవాళ్లకు తెలుసు.

మేం రోజూ చీకటి పడ్డాక ఇద్దరిద్దరం కూర్చుని ఒక విషయం పట్టుకునేవాళ్లం. భూమి అమ్మి పిల్లల్ని విదేశాలకు పంపొచ్చా, పాలమూరు కూలీలు వలసపోకుండా ఉండాలంటే ఊళ్లో పని కల్పించాలా లేక నీళ్లు ముందు రావాలా, ఇలాంటివి. ఒకరు ఒక పక్షం, కాసేపటికి పక్షాలు మార్చుకోవాలి. మనం నమ్మని పక్షం తరఫున మాట్లాడేటప్పుడే కొత్త మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. దీనికి మించిన ప్రాక్టీస్ నాకు తెలియదు. ఇంగ్లీష్ బాగా వచ్చిన పార్ట్‌నర్ దొరకాలని ఆగకండి, వాదించే మనిషి దొరికితే చాలు.

కొన్ని తప్పులు మన ప్రాంతంలో అందరి నోటా వినిపిస్తాయి. 'అకార్డింగ్ టు మీ' అనకూడదు. అకార్డింగ్ టు అనేది ఇతరుల మాటకు, రిపోర్టులకు. మనకైతే 'ఇన్ మై ఒపీనియన్' లేదా 'ఇన్ మై వ్యూ'. 'ఇన్ మై ఒపీనియన్ ఐ థింక్' అని రెండూ కలపొద్దు. 'ఐ యామ్ అగ్రీ' కాదు, 'ఐ అగ్రీ'. మనిషితో, అభిప్రాయంతో అయితే 'అగ్రీ విత్', ప్రతిపాదనకైతే 'అగ్రీ టు'. 'డిస్కస్ అబౌట్'లో అబౌట్ తీసేయాలి. 'ఆల్దో'తో మొదలుపెట్టిన వాక్యం మధ్యలో 'బట్' రాకూడదు. "వాన పడినా కూడా, కానీ" అని మాట్లాడే అలవాటు వల్ల అది దానంతటదే వచ్చేస్తుంది. 'ఆన్ ద కాంట్రరీ'ని 'ఆన్ ది అదర్ హ్యాండ్' బదులు వాడేవాళ్లు చాలామంది. ముందు చెప్పింది తప్పు, అసలు సంగతి దానికి వ్యతిరేకం అన్నప్పుడే మొదటిది. రెండో కోణం చూపించడానికి రెండోది.

గ్రూప్-1కు చదివేవాళ్లకూ ఒక మాట. మెయిన్స్‌లో 150 మార్కుల జనరల్ ఇంగ్లీష్ క్వాలిఫైయింగ్ పేపరే, పదో తరగతి స్థాయిలోనే ఉంటుంది. అయినా ప్రెసి, అంటే ఇచ్చిన భాగాన్ని కుదించి, రాసేటప్పుడు రచయిత క్లెయిమ్ చేశాడా, కన్సీడ్ చేశాడా అన్న తేడా పట్టుకుంటే మూడు వాక్యాల సంగతి ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది.

పరీక్ష హాల్లో 40 నిమిషాల్లో చివరి నాలుగైదు నిమిషాలు మిగుల్చుకోండి. ఆ సమయంలో స్పెల్లింగుల కంటే ముందు మొదటి పేరాలో అభిప్రాయం చెప్పిన వాక్యాన్ని, చివరి పేరాలో ఉన్న వాక్యాన్ని పక్కపక్కనే పెట్టి చదవండి. మొదట్లో 'ఇన్‌క్లైన్డ్ టు అగ్రీ' అని, చివర్లో 'కంప్లీట్లీ అగ్రీ' అని ఉంటే, మధ్య పేరాల్లో మీరు చూపించిన కారణాలు దేనికి సరిపోతాయో చూసి, రెండోదాన్ని కొట్టేసి మార్చండి.