నా ప్రేమ నవల పాఠకుల చేతికి చేరిన తీరు

ప్రేమకథల పాఠకులు ముగింపు తెలిసే పుస్తకం తెరుస్తారు. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనూ ఉన్నవి రెండే షరతులు: కథకు ప్రేమే కేంద్రం కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. ఇద్దరూ కలుస్తారని ముందే తెలిసినప్పుడు ఇక సస్పెన్స్ అంతా 'ఎలా' అన్నదాంట్లోనే ఉండాలి. ఇంగ్లీషులో నా మొదటి రొమాన్స్ నవల రాస్తున్నంత కాలం నన్ను సతాయించింది ఇదే.

నా కథలో అతను వంతెన కట్టే ఇంజినీరు. ఆ వంతెన ఆపాలని కేసు వేసిన లాయరు ఆమె. ముప్పాతిక కథ అయ్యాక ఇద్దరూ విడిపోవాలి. ఎందుకు? ఫోన్లో సగం మాట విని అపార్థం చేసుకున్నారని రాయడం తేలికే. కానీ కూర్చుని ఒక్కసారి మాట్లాడుకుంటే తీరిపోయే గొడవకి పాఠకులు ఏడవరు, విసుక్కుంటారు. చాలా తర్జనభర్జన తర్వాత మట్టి పరీక్ష రిపోర్టు ఒకటి కథలోకి తెచ్చాను. అది అతని దగ్గరుంది. బయటపెడితే ఉద్యోగం పోతుంది, దాస్తే ఆమె దూరమవుతుంది. దాస్తాడు. ఇక అది సారీతో తీరే వ్యవహారం కాదు. ఆ అధ్యాయం కుదిరాక మిగతాది సరిచేయడం పెద్ద కష్టం కాలేదు.

రచయితలు తమ పుస్తకాలు తామే వేసుకునే అమెజాన్ కేడీపీలో ఈ-బుక్‌గా వేశాను. ఫైలు ఎక్కించడం ఎవరికైనా వస్తుంది. కలం పేరు పెట్టుకోవచ్చు, బ్యాంకు, పన్ను వివరాలకు మాత్రం అసలు పేరే ఇవ్వాలి. (కలం పేరు దేనికంటారా? 'ఇదంతా స్వానుభవమేనా అమ్మాయ్' అని అడిగే బంధువు ఒక్కరుంటే చాలు.) ఆలోచించాల్సి వచ్చింది కిండిల్ అన్‌లిమిటెడ్ గురించే, అంటే చందా కట్టినవాళ్లు అందులోని పుస్తకాలు విడిగా కొనకుండా చదువుకునే అమెజాన్ పథకం. అందులో చేరితే 90 రోజుల పాటు ఆ ఈ-బుక్‌ని ఇంకెక్కడా అమ్మకూడదు. చందాదారులు చదివిన పేజీల లెక్కన డబ్బు వస్తుంది. రొమాన్స్ చదివేవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వరసబెట్టి చదివేస్తారు కదా, కొత్తవాళ్లకి ఇదే నయమనిపించి చేరిపోయాను.

నవల కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది కొనేవాళ్ల కోసం రాసే దాని చిన్న పరిచయం. 'విధి కలిపిన రెండు హృదయాలు' లాంటి మాట ఏ పుస్తకానికైనా అతుకుతుంది. చివరికి నాది ఇలా తేలింది: 'ఆమె గెలిస్తే అతని వంతెన లేవదు. అతను గెలిస్తే ఆమె ఊరు మునుగుతుంది. కోర్టులో లిఫ్టు మాత్రం ఇద్దరికీ ఒకటే.' కింద ఎనిమీస్ టు లవర్స్ (శత్రువులు ప్రేమికులయ్యే కథ), స్లో బర్న్ (ప్రేమ మెల్లగా రాజుకునే కథ) అని స్పష్టంగా రాశాను. కవర్ మీద వంతెన ఒక్కటే ఉంటే ఫోన్ తెరపై థ్రిల్లర్‌లా కనిపించింది. అందుకే మనుషులిద్దర్నీ ముందుకు తెప్పించాను.

విడుదలకు ముందే కొందరు పాఠకులకు ఉచితంగా కాపీలు పంపాను. పంపొచ్చు, కానీ రివ్యూ రాసి తీరాలని షరతు పెట్టకూడదు, డబ్బిచ్చి రాయించుకోకూడదు. ఇంట్లోవాళ్లూ రాయకూడదు. ఐదు స్టార్లతో సిద్ధంగా ఉన్న మా చెల్లిని ఆపడం పెద్ద పనైంది. వచ్చినవాటిలో ఒక రివ్యూకి మూడే స్టార్లు: 'మొదటి ముద్దు కోసం సగం పుస్తకం ఆగాలి.' ఆ రోజంతా మొహం వేలాడేసుకుని తిరిగాను. తీరా చూస్తే ఆ మాట చూసే కొన్నామని తర్వాత ఇద్దరు ముగ్గురు మెయిల్ రాశారు! స్లో బర్న్ ఇష్టపడేవాళ్లకు అంతకన్నా మంచి ప్రకటన నేను రాయలేను. అప్పట్నుంచి 'నా పుస్తకం చదవండి' అని పోస్టులు పెట్టడం తగ్గించి, ఎవరికి నచ్చదో కూడా చెప్పడం మొదలుపెట్టాను.

పుస్తకం చివరి పేజీలో మెయిల్ లిస్టు లింకు పెట్టాను. లిస్టు చిన్నదే. కానీ రెండో పుస్తకం ఎప్పుడని అడుగుతున్నది వాళ్లే. క్లిక్కుకింత అని డబ్బు కట్టి వేసిన ప్రకటనల వల్ల వచ్చినవాళ్లలో అలా అడిగినవాళ్లు ఇంకా లేరు.