చివరిది నీళ్లు సార్

బెంగళూరులో బీఎస్సీ పిల్లలకు మాలిక్యులర్ బయాలజీ చెప్తాను. బోర్డు మీద పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే పద్ధతి) బొమ్మ గీసి గీసి విసుగొచ్చి, ఈసారి దాంతో వాళ్ల చేతే టమోటా ఆకుముడత వైరస్‌ను పట్టిద్దామనుకున్నాను. ఈ తెగులు తెచ్చే వైరస్‌లలో ఒకదానికి ఈ ఊరి పేరే ఉంది. పైగా అది డీఎన్‌ఏ వైరస్. బొప్పాయి రింగ్‌స్పాట్ వైరస్‌లా ఆర్‌ఎన్‌ఏ అయితే ముందు దానికి డీఎన్‌ఏ నకలు (సీడీఎన్‌ఏ) చేసుకోవాలి, ఆ ఖర్చు మా కాలేజీ భరించదు.

ఆకులకు లోటు లేదు. చింతామణి అమ్మాయి సంచి నిండా తెచ్చింది. "మా నాయన పీకి పారేస్తా ఉన్నాడు మేడమ్, ఎన్ని కావాలన్నా తెస్తా" అంది. సీటాబ్ అనే రసాయనంతో ఆకుల్లోంచి డీఎన్‌ఏ తీయడం మొదటిసారే కుదిరింది. ప్రైమర్ల (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) కోసం ఆరు వారాలు తిప్పించిన పర్చేజ్ సెక్షన్ గురించి రాయను, మొదలుపెడితే ఆగను.

పీసీఆర్‌లో పెరిగిన డీఎన్‌ఏ గీతలుగా కనిపించేది జెల్‌లో. అది చూడ్డానికి ప్రిన్సిపాల్‌ను పిలిచాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. యూవీ వెయ్యగానే అన్ని వరుసల్లోనూ నారింజ గీతలు. "అందరికీ వచ్చిందే, శభాష్!" అన్నారాయన. వెనక నుంచి ఒకడు మెల్లగా, "చివరిది నీళ్లు సార్" అన్నాడు. ఆకే వెయ్యని ట్యూబు అది, అందులో గీత రాకూడదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

నీళ్లు మార్చాను. గీత. ఎంజైమ్ మార్చాను, మళ్లీ గీత. రెండు వారాలు నిద్ర లేదు. చివరికి ఆ చింతామణి అమ్మాయే పట్టింది: జెల్‌లో శాంపిల్ పోసే పిపెట్‌తోనే, అదే బల్ల మీద, కొత్త పీసీఆర్ మిక్స్ కలుపుతున్నాం! లెక్క ప్రకారం 30 సైకిళ్లలో ఒక్క డీఎన్‌ఏ ముక్క 107 కోట్లు దాటుతుంది. పాత ట్యూబు మూత తీసినప్పుడు చిందిన తుంపర చాలదూ?

బల్లలన్నీ బ్లీచ్‌తో తుడిచాం. మిక్స్ కలపడం బోటనీ మ్యూజియంలో, ఫార్మలిన్ సీసాల మధ్యకు మార్చాం. దానికి వేరే పిపెట్లు, ఫిల్టర్ టిప్పులు. టిప్పులు కడిగి మళ్లీ వాడమనే సీనియర్ల మాట మాత్రం వినకండి, వాళ్లు జెల్ చూసి ఏళ్లయింది. ఆ నీళ్ల ట్యూబు లాంటి కంట్రోల్ ఎందుకో నాకు పీహెచ్‌డీలో అర్థమైంది, మా పిల్లలకు రెండో ఏడాదిలోనే ఎక్కింది.

నాలుగో జెల్‌లో ముడుచుకున్న ఆకులకు 530 బేస్ జతల దగ్గర గీత, నీళ్ల వరుస నల్లగా ఖాళీ. సంబరంగా ప్రిన్సిపాల్‌కు ఫొటో పంపాను.

"బాగుంది మేడమ్. చివరిది ఒక్కటే పోయినట్టుందే?" అని జవాబు.