టీవీ కింద చవక ఆటపెట్టె

పోయిన దసరా సెలవులలో మా మేనల్లుడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి ఒక దుకాణంలో చిన్న ఆండ్రాయిడ్ ఆటపెట్టె కొనిపించుకున్నాడు. దానిని టీవీకి తగిలించి, జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చున్న పావుగంటకే వాడి ముఖం చిన్నబోయింది. వాడు ఫోనులో రోజూ ఆడే కారు పందెం తెర మీద వేలు కదిపితేనే సాగుతుంది తప్ప, జాయ్‌స్టిక్ బటన్లను గుర్తించనే గుర్తించదు.

ఇటువంటి చవక పెట్టెలకు చిక్కులు కొత్త కాదు. 2012లో జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 85 లక్షల డాలర్లకు పైగా సొమ్ము పోగుచేసుకుని, మరుసటి ఏడాది జూన్‌లో 99 డాలర్ల ధరకు మార్కెట్లోకి వచ్చిన ఊయా అనే ఆటపెట్టె కూడా ఆండ్రాయిడ్ మీదే నడిచేది. అందులోని టెగ్రా 3 చిప్ ఫోన్లలోనూ, ట్యాబ్లెట్లలోనూ వాడినదే కాబట్టి ధర తగ్గింది. అయితే ఫోన్ చిప్పులు ఏటా మెరుగవుతుంటే, ఈ పెట్టె మాత్రం కొన్నప్పటి స్థాయిలోనే ఆగిపోయింది. పెద్ద కన్సోళ్ల (టీవీకి తగిలించే ఖరీదైన ఆటపెట్టెల) కంపెనీలు పరికరం మీద లాభం వదులుకున్నా ఆటల అమ్మకంతో పూడ్చుకుంటాయి. ఉచిత ఆటలకు అలవాటుపడిన మనవంటి వారి దగ్గర (నన్నూ కలుపుకునే అంటున్నాను) ఆ లెక్క కుదరదు. 2015లో ఊయా సాఫ్ట్‌వేర్ విభాగాన్ని రేజర్ అనే కంపెనీ కొనుక్కుంది, 2019 జూన్‌లో సర్వర్లు ఆగిపోయాయి.

మా జిల్లాలో ఇటువంటి పెట్టెకు గిరాకీ ఉంటుందని నేను అనుకోను. ఇంటింటా ఉన్న ఫోనుకే బ్లూటూత్ జాయ్‌స్టిక్ జతచేస్తే ఖర్చు తక్కువ. మేనల్లుడి పెట్టెలో ఇప్పుడు మా అమ్మ పాత సినిమాలు చూస్తోంది.