నూలు నేసే చోట ఉన్ని పాఠం: విజయవాడలో వర్క్‌షాప్ పెట్టిన నా అనుభవం

ఉన్ని ఫెల్టింగ్ (ఉన్నిని సబ్బు నీళ్లతో రుద్ది, నేయకుండానే గుడ్డలా గట్టిపరచడం), చేనేత రెండూ కలిపి విజయవాడలో ఒక వర్క్‌షాప్ పెడదామని మా నేత బృందంలో అనుకున్నప్పుడు అందరూ ముందు అడిగింది ఎండల గురించే. ఈ ఎండల్లో ఉన్ని ఎవరు ముట్టుకుంటారు అని. ఎండ సంగతి తేదీ మార్చుకుంటే తీరిపోతుంది, నాకు దిగులు పట్టించింది ఉన్ని దొరక్కపోవడం. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బస్సులు ఆగిపోయేంత గొర్రెల మందలు రోడ్డు దాటుతుంటాయి కదా, వాటి ఉన్ని తీసుకోవచ్చుగా అని చాలామంది అన్నారు. కానీ మన వైపు ఎక్కువగా కనిపించేది నెల్లూరు జాతి, మాంసం కోసం పెంచేది, దాని ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక. దాంతో ఫెల్టింగ్ అవదు. ఉన్ని కావాలంటే దక్కని గొర్రె కావాలి, అంటే అనంతపురం వైపో తెలంగాణ వైపో చూసుకోవాలి. నల్ల గొంగళ్లు నేసేది ఆ ఉన్నితోనే.

మా బృందంలో ఒకరి చుట్టాలది అనంతపురం జిల్లా. వాళ్ల ద్వారా ఒక కాపరితో ఫోన్లో మాట్లాడితే ఆయన ముందు నమ్మలేదు, ఉన్ని కొంటామంటున్నారు, నిజంగానేనా అన్నాడు. గొంగళ్లకు గిరాకీ తగ్గాక కత్తిరించిన ఉన్ని చాలాసార్లు ఊరికే పారేస్తున్నామని చెప్పాడు. వినడానికి నాకు చాలా బాధేసింది. ఒక చేతి పని వెనక ఉన్న ముడిసరుకు చెత్తలోకి పోతోందంటే, ఆ పని కూడా అదే దారిలో ఉందన్నమాట. ఆయన అడిగిన రేటు మీద బేరం ఆడొద్దని అప్పుడే చెప్పేశాను.

ఉన్ని గోనె సంచుల్లో బస్సు పార్సిల్‌లో వచ్చింది. విప్పితే మట్టి, పల్లేరు కాయలు, జిడ్డు, ఇల్లంతా ఒకటే వాసన. మిద్దె మీద ఎండలో పరిచి దులిపాం, ముళ్లు చేత్తో ఏరాం (ఈ పని ఒక్కరికే అప్పగిస్తే విసుగొచ్చి వదిలేస్తారు, నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేస్తేనే అవుతుంది), ఆ తర్వాత గోరువెచ్చని కుంకుడు రసంలో నానబెట్టాం. ఇక్కడే జాగ్రత్త కావాలి. నానబెట్టి వదిలేయాలి, బట్టలు ఉతికినట్టు పిసికితే అక్కడికక్కడే ముద్ద కట్టేస్తుంది. వెచ్చటి నీళ్లలోంచి తీసి ఒక్కసారిగా చన్నీళ్లలో కూడా వేయకూడదు. ఉల్లిపాయల వల సంచుల్లో పెట్టి ముంచి తీయడం వల్ల పని తేలికైంది. ఆరాక దువ్వడానికి అసలు కార్డర్లు ఖరీదు, అందుకని పెట్ షాపుల్లో కుక్కలకు వాడే, సన్న తీగ పళ్లుండే బ్రష్‌లు తెచ్చాం. రెండు బ్రష్‌ల మధ్య కొద్ది కొద్దిగా పెట్టి లాగితే పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి, పనికి అది చాలు.

ఆన్‌లైన్‌లో మెరినో (ఒక గొర్రె జాతి) ఉన్ని శుభ్రంగా దువ్వి, రంగులేసి అమ్ముతారు కదా, ఈ బాధంతా ఎందుకు అని మాలోనే కొందరన్నారు. వాళ్ల మాటలో తప్పేం లేదు, మెరినో సన్నగా మెత్తగా ఉంటుంది, తొందరగా ఫెల్ట్ అవుతుంది, మొదటిసారి చేసేవాళ్లకు ధైర్యమొస్తుంది. దక్కని ఉన్ని ముతక, గరుకు, ఓపిక అడుగుతుంది. చివరికి రెండూ పెట్టాం. పువ్వులకు, పైన వేసే డిజైన్లకు మెరినో, అడుగున ఉండే పొరలకు, కూర్చునే ఆసనాలకు, సంచులకు దక్కని. నాకైతే దక్కని ఉన్నితో చేసిన ఆసనం ముందు మెరినో పువ్వు ఎందుకూ కొరగాదనిపిస్తుంది, ఆ సహజమైన నలుపు ఏ రంగు డబ్బాలోనూ దొరకదు.

హాలు దొరకడం ఇంకో టెన్షన్. ఒక చోట అడ్వాన్స్ ఇచ్చాక, నీళ్లు, సబ్బు అనేసరికి టైల్స్ పాడవుతాయని వద్దన్నారు. చివరికి పటమటలో మా సభ్యురాలి ఇంటి మిద్దె మీద షామియానా వేశాం. సామానంతా వన్‌టౌన్‌లోనే దొరికింది: దోమతెర గుడ్డ, చాపలు, బార్ సబ్బులు, ప్లాస్టిక్ టబ్బులు. పుస్తకాల్లో బబుల్ ర్యాప్ వాడమని ఉంటుంది గానీ మన చాప అంతకన్నా బాగా పనిచేసింది, గరుకుగా ఉంటుంది కాబట్టి చుట్టి దొర్లించేటప్పుడు రాపిడి బాగా తగులుతుంది. కుంకుడు రసంతో ఫెల్టింగ్ కూడా చేసి చూశాం, కడగడానికి అది మంచిదే గానీ ఇందులో పని నిదానంగా సాగింది, బార్ సబ్బే మేలు.

ఫెల్టింగ్ రోజు ముందుగా అది ఎలా జరుగుతుందో చెప్పాను. ఉన్ని పోగు మీద కంటికి కనపడనంత చిన్న పొలుసులుంటాయి, వేడి నీళ్లు, సబ్బు తగిలితే అవి తెరుచుకుంటాయి, రుద్దేకొద్దీ పోగులు ఒకదాన్లోకి ఒకటి జొరబడి మళ్లీ విడదీయలేనట్టు పట్టుకుంటాయి. పత్తికి ఈ పొలుసులు లేవు, అందుకే నూలు చీర ఎన్నేళ్లు ఉతికినా ఫెల్ట్ అవదు. ఉన్నిని పలచటి పొరలుగా, ఒక పొర నిలువుగా, దాని మీద ఇంకో పొర అడ్డంగా పరిచి, పైన దోమతెర కప్పి, వేడి సబ్బు నీళ్లు చల్లి మొదట అరచేత్తో మెల్లగా అద్దాలి. తొందరపడి గట్టిగా రుద్దితే పొరలు పక్కకు జారిపోయి మధ్యలో చిల్లులు పడతాయి. పైన ఒక పోగు గిల్లి లాగి చూడాలి, పొర మొత్తం కలిసి లేస్తే అప్పుడు చాపలో చుట్టి దొర్లించవచ్చు. అన్ని వైపుల నుంచీ మార్చి మార్చి దొర్లించాలి, ఎటు దొర్లిస్తే అటే కుంచించుకుంటుంది. మొత్తం మీద 30 నుంచి 40 శాతం దాకా చిన్నదవుతుంది కాబట్టి కావలసినదానికంటే బాగా పెద్దగా మొదలుపెట్టాలి. ఇది ఎంత ముందు చెప్పినా, తన ఆసనం కళ్లముందే చిన్నదైపోతుంటే ఒక పెద్దావిడ కంగారుపడి ఆపేయబోయారు. ఆపొద్దు పిన్నీ, ఇప్పుడే గట్టిపడుతోంది అని పక్కనే కూర్చుని చేయించాం.

నేత భాగానికొస్తే, నేను ఎక్కువగా పట్టుబట్టింది దీని మీదే. మంగళగిరి మనకు పక్కనే ఉంది. అక్కడి నేతన్న ఒకాయన్ను, మేం బాబాయ్ గారంటాం, ప్రసంగానికి పిలుద్దామనుకున్నాం. బృందంలో కొందరు శాలువా కప్పి, జ్ఞాపిక ఇద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన మగ్గం దిగితే ఆ రోజు ఆదాయం లేదు, బయటి ఊరి నుంచి పాఠం చెప్పడానికి వచ్చే మాస్టారుకు ఫీజు ఇచ్చి ఈయనకు శాలువా ఇవ్వడం ఏం న్యాయం? ఇద్దరికీ ఒకే ఫీజు, పైన ఆ రోజు పోయే కూలి వేరేగా. దీని మీద మాలో కాస్త గట్టిగానే వాదన జరిగింది, ఖర్చు పెరిగి ఒక్కొక్కరి రుసుం కూడా పెరిగింది, అయినా సరే ఈ విషయంలో నేను మెత్తబడలేదు.

మేం మొదట అనుకున్న తేదీ ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజని 2015 నుంచి జరుపుతున్నారు. బాబాయ్ గారు వద్దన్నారు. ఆ రోజు అందరూ సభలకు పిలుస్తారట, పైగా వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్లొస్తే మగ్గమే ఆగిపోతుందట. ఇంకో మాట కూడా అన్నారు, "నాకు మైకులో మాట్లాడటం రాదమ్మా, మగ్గం మీద కూర్చోబెట్టండి, ఎంతసేపైనా చెప్తాను." అందుకే సంక్రాంతి తర్వాతకు మార్చి, ప్రసంగాన్ని వాళ్లింటికే మార్చాం. ఇల్లు చిన్నది కాబట్టి బ్యాచ్‌లుగా వెళ్లాం.

గుంట మగ్గంలో కాళ్లు కిందికి వదిలి కూర్చుని, నాడె (అడ్డపోగు దారాన్ని మోసేది) అటూ ఇటూ పోతుంటే ఆయన చెప్పిన మాటలు ఏ హాల్లోనూ వినలేం. మంగళగిరి చీరకు ఒంటి మీద బుటాలుండవు, అందమంతా నిజాం అంచులోనే, జరీలో చిన్న చిన్న గోపురాల వరసలో ఉంటుంది. 80వ నంబరు నూలు అంటే ఏమిటో కూడా అక్కడే అందరికీ అర్థమైంది. ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) 80 వస్తే అది 80వ నంబరు. లెక్క వేస్తే 61 కిలోమీటర్ల పైచిలుకు దారం, విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి దాదాపు తిరిగొచ్చేంత, అరకిలో కూడా లేని నూలులో. ఒక అమ్మాయి సెల్‌ఫోన్‌లో లెక్క సరిచూసుకుని మళ్లీ ఆ చిలపను చేతిలోకి తీసుకుని చూసింది.

అయితే ఆ రోజు అందర్నీ కదలకుండా కూర్చోబెట్టింది మాత్రం బాబాయ్ గారి భార్య. ఆవిణ్ణి కూడా పిలవాలని, ఆవిడకూ ఫీజు ఇవ్వాలని ముందే అనుకున్నాం. రాట్నం మీద కండెలు (నాడెలో పెట్టే దారపు చుట్లు) చుట్టడం, పడుగు (మగ్గం మీద నిలువుగా ఉండే పోగులు) సాచి గంజి పట్టించడంలో సాయం, పాత పడుగు అయిపోయాక కొత్త పడుగు పోగులు వేలల్లో ఒక్కొక్కటీ పాతదానికి అతకడం, ఇదంతా ఆవిడ చేసి చూపిస్తూ చెప్పారు. 2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత పనివాళ్లున్నారని, వాళ్లలో 72 శాతం ఆడవాళ్లని తేలింది. అయినా నేత అనగానే మగ్గం మీది మనిషినే ఫొటో తీస్తారు. ఒకరు ఆవిణ్ణి, మీరు రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారమ్మా అని అడిగితే, "వంట మధ్యలో చుట్టిన కండెలు కూడా లెక్కలోకొస్తాయా?" అని తిరిగి అడిగారు. వస్తాయి పిన్నీ అన్నాను నేను. వచ్చి తీరాలి కూడా.

ఇంటికి తిరిగొచ్చాక మిద్దె మీద చిన్న ఫ్రేములతో అందరూ నేశారు. ఫొటో ఫ్రేముల షాపులో చెక్క చట్రాలు చేయించి, అర సెంటీమీటరుకో మేకు కొట్టించాం. పడుగుకు పురికొస, పేకకు, అంటే అడ్డపోగుకు, ఉన్ని దారం. అంచులు లోపలికి లాక్కుపోతుంటే పేకను బిగించకుండా విల్లులా వదులుగా వేసి, ఆ తర్వాత దువ్వెనతో కిందికి దింపాలి. ఇది తెలిస్తే సగం నేర్చుకున్నట్టే.

డబ్బు లెక్కలు చూస్తే ఖర్చులు పోను మిగిలింది చాలా తక్కువ, అది వచ్చే విడత ఉన్నికి అడ్వాన్సుగా అనంతపురం కాపరికే పంపాం. దంపతుల ఫీజు ఎవరిది వాళ్ల ఖాతాకే వేశాం. వచ్చే జనవరిలో ఒక రోజంతా పడుగు పాఠమే, బాబాయ్ గారి భార్య, పిన్ని గారే చెప్తారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, వచ్చేవాళ్లు గోళ్లు కత్తిరించుకుని రావాలి, పొడుగు గోళ్లకు పోగులు తగులుకుని తెగుతాయట.