కిరాయి తక్కువ అంటే ఎంత తక్కువ?

జూలై వచ్చిందంటే హనుమకొండలో పిల్లలను అమెరికా పంపే ఇళ్లలో ఒకటే హడావుడి. వీసా చేతికొచ్చి, విమానం టికెట్ కొన్న తర్వాత అప్పుడు గుర్తుకొస్తుంది ఉండటానికి ఇల్లు. నేను సెలవు మీద వచ్చానని తెలిసి సుబేదారి నుంచి, నక్కలగుట్ట నుంచి తెలిసినవాళ్లు వస్తూనే ఉన్నారు. చదువు సంగతి, ఉద్యోగం సంగతి తర్వాత. "కిరాయి ఎంతలో దొరుకుతుంది?" అన్నదే మొదటి ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే అది. బ్యాంకులో తెచ్చిన చదువు అప్పులో ఫీజు పోగా ఎక్కువ భాగం తినేసేది ఇంటి అద్దే.

నేను న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తాను. ఎడిసన్, న్యూబ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో వంటి ఊళ్లు మావైపువి. న్యూయార్క్‌కు రైల్లో వెళ్లి రాగలిగిన దూరం, తెలుగువాళ్లు బాగా ఉన్న ప్రాంతం. వెళ్లిన నాటి నుంచీ అద్దె ఇళ్లలోనే ఉన్నాను కాబట్టి అక్కడి పద్ధతులు తెలుసు. వేరే రాష్ట్రానికి వెళ్లేవారికి చట్టాలు వేరుగా ఉంటాయి, అది గుర్తుంచుకోవాలి.

మన దగ్గర ఇల్లు దొరకడమన్నది మనుషుల మాట మీద నడుస్తుంది. నయీంనగర్‌లోనో కిషన్‌పురలోనో గేటుకు వేలాడే టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం చదువుతున్నావని ఓనర్ అడుగుతారు. ములుగు నుంచి, నర్సంపేట నుంచి వచ్చిన పిల్లవాడికి తెలిసిన సారు ఒకరు ఫోన్‌లో చెబితే గది దొరుకుతుంది. కులం అడిగి వెనక్కి పంపే ఇళ్లూ ఉన్నాయి. అది మన ఊరికి సిగ్గుచేటని నేను ఎక్కడైనా చెబుతాను.

అక్కడ అపార్ట్‌మెంట్ ఆఫీసులో చూసేది క్రెడిట్ స్కోరు. తీసుకున్న అప్పును వేళకు తీర్చిన చరిత్రకు అది గుర్తు. కొత్తగా దిగినవారికి ఆ చరిత్రే ఉండదు. దానికి తోడు నెల జీతం అద్దెకు మూడు రెట్లు ఉండాలని చాలా చోట్ల నియమం పెడతారు. ఒక పడకగది ఇల్లు నెలకు 2,000 డాలర్లకు అటూ ఇటూ పలికే ఊళ్లలో, జీతమే లేని విద్యార్థి ఆ లెక్కకు ఎలా తూగుతాడు? ఉద్యోగంలో ఉన్న బంధువు ఎవరైనా పూచీ సంతకం పెట్టాలి. లేదంటే అప్పటికే లీజు తీసుకున్న సీనియర్ల దగ్గర గదిలో సగం పంచుకోవాలి.

ఈ తొందరలోనే మోసగాళ్లు దొరుకుతారు. అందమైన ఫొటోలు, నమ్మలేనంత తక్కువ అద్దె, "చాలామంది అడుగుతున్నారు, ఈరోజే డిపాజిట్ పంపండి" అన్న కబురు. పంపిన డబ్బు పోతుంది, ఆ ఇల్లు అసలు అద్దెకే ఉండదు. మనిషి కళ్లతో చూడని ఇంటికి ఒక్క డాలరు కూడా పంపవద్దు. ఆ చుట్టుపక్కల ఉన్న మన జిల్లావాళ్లను ఎవరినైనా అడగండి, వెళ్లి చూసి వస్తారు. గంట పని అది, మాలో ఎవరూ కాదనరు.

మొన్న మా వీధిలోని చిన్నమ్మ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ల దగ్గర రెండు ఇళ్ల వివరాలు ఉన్నాయి. ఒకటి ఎవరో ఇంటి నేలకింద గది, 500 డాలర్లు. రెండోది రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో రెండు పడకగదుల అపార్ట్‌మెంట్, నలుగురు అమ్మాయిలు పంచుకుంటే తలా 650. నెలకు 150 డాలర్ల తేడా, మన డబ్బులో 13 వేలకు పైనే. చిన్నమ్మ మనసు తక్కువ దాని మీదే ఉంది. "నేలకింద గది చలికి వెచ్చగా ఉంటుందట కదా, అక్కా" అంది అమ్మాయి.

కిటికీ ఉందా అని అడిగాను. మనిషి దూరి బయటికి రాగలిగే కిటికీ? మెట్లు కాక మరో దారి? నివసించడానికి ఊరి అధికారులు అనుమతి ఇచ్చిన గదేనా? వాళ్లకు తెలియదు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఇడా తుఫాను మిగులు వానలు మా ప్రాంతమంతా కుండపోతగా కురిశాయి. ఆ రాత్రి న్యూయార్క్ నగరంలో ఇలాంటి నేలకింద గదుల్లో 11 మంది నీట మునిగి చనిపోయారు. ఆ గదుల్లో ఎక్కువ వాటికి నివాస అనుమతి లేదు. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు పై అంతస్తుకు పరుగెత్తినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నేలకింద గదిలో పైకి పోవడానికి ఉన్న ఒక్క మెట్ల దారిలోంచే నీళ్లూ దిగుతాయి. ఆ 150 డాలర్లు నాకు తక్కువ మొత్తంగా కనిపించి కాదు, ఆ అమ్మాయి ప్రాణం కంటే ఎక్కువ కాదని చెబుతున్నాను.

పైగా ఆ గది స్టేషన్‌కు దూరం. మా ఊళ్లలో చాలా రోడ్ల పక్కన కాలిబాట ఉండదు, డిసెంబరులో సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది. కారు కొనక తప్పదు, కొత్తగా నడిపేవారికి బీమా భారంగా ఉంటుంది. మిగిలాయనుకున్న డాలర్లు అక్కడే పోతాయి.

రెండోదాన్ని గార్డెన్ అపార్ట్‌మెంట్ అంటారు. రెండంతస్తుల ఇటుక కట్టడాలు, మధ్యలో పచ్చిక. పాతవి, వంటగది ఇరుకు, గోడ అవతలి మాటలు వినిపిస్తాయి. కానీ చాలా వాటిలో ఇంటికి వేడి, స్నానానికి వేడినీళ్లు అద్దెలోనే కలిసి ఉంటాయి. ఇలాంటి చోట్ల అక్టోబర్ 1 నుంచి మే 1 వరకు పగటిపూట ఇల్లు కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చగా ఉండాలని రాష్ట్ర నిబంధన. అంటే మన 20 డిగ్రీలు. వేడి ఖర్చు ఎవరిదని అడగకుండా రెండు ఇళ్ల అద్దెలు పోల్చడం దండగ.

అసలు ఈ ఊళ్లలో ఇల్లు ఎందుకింత పిరం అని చిన్నమ్మ అడిగింది. పెద్ద స్థలంలో ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లు మాత్రమే కట్టాలని చాలా పట్టణాలు నిబంధనలు పెట్టుకున్నాయి, అది ఒక పెద్ద కారణం. దక్షిణ న్యూజెర్సీలో మౌంట్ లారెల్ అనే ఊరు ఉంది. అక్కడ తరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబాలకు అందుబాటు ధరలో ఇళ్లు కట్టనివ్వకపోతే ఎథెల్ లారెన్స్ అనే మహిళ ముందు నిలబడి కోర్టులో పోరాడారు. ఎదుగుతున్న ప్రతి పట్టణమూ తక్కువ ఆదాయం ఉన్నవారి ఇళ్లకు తన వంతు చోటివ్వాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును అమలు చేసే చట్టం 1985లో వచ్చింది. ఆమె 1994లో కన్నుమూశారు. ఆమె పేరు పెట్టిన ఇళ్లు 2000లో తెరిచారు.

ఈరోజు మావైపు కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నింటిని ఆదాయాన్ని బట్టి తక్కువ అద్దెకు, లాటరీ తీసి ఇస్తున్నారంటే ఆ పోరాటం వల్లే. ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద ఉండే ఆదాయం) 80 శాతానికి లోబడినవారి కోసం అవి. వంతు రావడానికి చాలా కాలం పడుతుంది, దిగిన వెంటనే విద్యార్థికి దొరికేవి కావు. ఒక్క జీతంతో, కిరాణా దుకాణంలో పనితో నెట్టుకొచ్చే మన కుటుంబాలు మాత్రం పేరు రాయించుకోవాలి. అద్దె ఇళ్లలో అవస్థ పడి, ఆ తర్వాత సొంత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లే "అపార్ట్‌మెంట్లు వస్తే బడుల్లో రద్దీ పెరుగుతుంది" అని అడ్డుచెప్పడం నేను విన్నాను. నాకది చాలా బాధ కలిగిస్తుంది.

డిపాజిట్ సంగతి కూడా చెప్పాలి. న్యూజెర్సీలో నెలన్నర అద్దెకు మించి తీసుకోకూడదు. ఖాళీ చేసిన 30 రోజుల్లో వడ్డీతో తిరిగివ్వాలి, ఏదైనా మినహాయిస్తే లెక్క చూపాలి. ఇవ్వకపోతే కోర్టులో రెట్టింపు అడగవచ్చు. యజమాని కూడా అదే ఇంట్లో ఉండే చిన్న ఇళ్లకు నియమాలు కొంత వేరు. కాజీపేట నుంచి వచ్చిన మా సహోద్యోగి ఒకతని డిపాజిట్‌ను గోడలు పాడయ్యాయని మొత్తం పట్టేసుకున్నారు. అతని దగ్గర దిగిన రోజు తీసిన ఫొటోలు ఉన్నాయి. వాటితో పాటు చట్టాన్ని పేర్కొంటూ ఉత్తరం రాస్తే డబ్బు వచ్చింది.

అందుకే చిన్నమ్మ కూతురికి చెప్పాను: సూట్‌కేసు విప్పకముందే ప్రతి గోడ, పొయ్యి, స్నానాలగది ఫొటోలు తీసి ఆఫీసుకు మెయిల్ చెయ్యమని. వాళ్లు రెండో ఇల్లే తీసుకుంటున్నారు. లీజులో ముగ్గురి పేర్లు చాలని అక్కడి సీనియర్లు అన్నారట. నాలుగో పేరు కూడా రాయించాకే డబ్బు పంపమని చిన్నమ్మకు గట్టిగా చెప్పాను.