గాస్టర్న్ లోయ కింద వంపు

"బాపూ, పాత లైనుకు టైము ఎక్కువ పడ్తది" అన్నాడు మావాడు, బెర్న్ స్టేషన్లో.

"పడనీరా, నాకేమన్న ఫస్టు షిఫ్టు ఉందా?" అన్నాను.

గోదావరిఖని బొగ్గుబాయిల్లో మైనింగ్ సర్దారుగా, అంటే బాయి లోపల పనీ భద్రతా చూసేవాడిగా, చేసి రిటైరైనవాణ్ణి. స్విట్జర్లాండ్‌కు వచ్చి మంచు కొండల ఫొటోలు అందరూ తీసుకుంటారు. నాకు మాత్రం ఆల్ప్స్ కొండల్లోంచి రైలు పోయే లోష్‌బెర్గ్ పాత సొరంగం చూడాలని ఉండేది. 1913లో తెరిచారు. మొదట గీసిన ప్లాను ప్రకారం అది కొండలోంచి తిన్నగా పోవాల్సింది, కానీ మధ్యలో వంకర తిరిగింది. ఆ వంకర దగ్గర రైల్లో కూర్చున్నవాడికి ఏమైనా తెలుస్తుందా అన్నదే నా ఆరాటం.

దారిలో ఫ్రూటిగెన్‌లో దిగాం. కొత్త సొరంగం, 34.6 కిలోమీటర్లది, ఇక్కడే కొండలోకి దూరుతుంది. 2007లో మొదలైంది. తవ్వుతుంటే కొండలోంచి గోరువెచ్చటి నీళ్లు ఊరాయట. వాటిని అలాగే కాండర్ నదిలో వదిలితే చల్లటి నీటికి అలవాటుపడ్డ ట్రౌట్ చేపలకు ముప్పు. అందుకని ఆ వేడితో గాజు ఇళ్లలో అరటి, బొప్పాయి పెంచుతున్నారు, తొట్లలో స్టర్జన్ చేపలు పెంచి గుడ్లు అమ్ముతున్నారు. ఆల్ప్స్ కొండల కింద అరటిగెల చూసి నవ్వొచ్చింది. గుడ్ల డబ్బా ధర చూశాక నవ్వు ఆగింది. కొండ లోపలి నీరు అన్నిసార్లూ ఇంత మర్యాదగా రాదు. 2020లో ఇదే కొత్త సొరంగంలోకి బురద, నీరు వచ్చి లోపలి రైలు దారుల్లో ఒకదాన్ని కొన్నాళ్లు మూయాల్సొచ్చింది.

అక్కడినుంచి రైలు మెలికలు తిరుగుతూ ఎక్కి కాండర్‌స్టెగ్ చేరింది. ఊరు దాటగానే సొరంగం నోరు. మేం వెంటనే అందులోకి పోలేదు. మావాడు ముందే ఫోన్ చేసి సీట్లు చెప్పి ఉంచిన చిన్న బస్సెక్కి గాస్టర్న్ లోయకు వెళ్లాం. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క ఏరు. ఆ ఇరుకు దాటగానే లోయ ఒక్కసారిగా విచ్చుకుంది. రెండు పక్కలా నిలువు కొండలు, మధ్యలో పళ్లెంలా చదునైన నేల. నేలంతా గులకరాళ్లే. కాండర్ నది వాటి మధ్య పాయలు పాయలుగా పారుతోంది.

బూటు కొనతో నాలుగు రాళ్లు తన్నాను. నా కాళ్ల కింద సుమారు 180 మీటర్ల లోతున సొరంగం రావాల్సింది. లోయ అడుగున గులకరాళ్లు కొంత లోతు వరకే, ఆ కింద గట్టి రాయే అని అప్పటి లెక్క. నిజానికి ఎప్పుడో ఇక్కడ ఉన్న హిమానీనదం లోయను వాళ్లు అనుకున్నదానికంటే చాలా లోతుగా కోసేసింది. ఆ గాడిలో ఇసుక, గులక, నీరు నిండి ఉన్నాయి. పైనుంచి బోరు వేసి ఆ లోతు ఎంతో తేల్చుకోలేదు.

1908 జూలై 24న తెల్లవారకముందే, ఉత్తర ముఖం నుంచి సుమారు 2.7 కిలోమీటర్ల లోపల, రాతికి తూట్లు పొడిచి మందు పెట్టి పేల్చారు. ముందున్న పల్చటి రాతి పొర పగిలింది. వేల ఘనపు మీటర్ల బురద, ఇసుక కిలోమీటరుకు పైగా సొరంగాన్ని నింపేసింది. 25 మంది పోయారు. అందరూ ఇటలీ నుంచి కూలికి వచ్చినవాళ్లు. ఎక్కువమంది శవాలు దొరకనే లేదు.

మా బాయిలో పైకప్పును గడ్డపారతో తట్టి చూసేవాళ్లం. గట్టిగా మోగితే పనిలోకి దిగమనేవాణ్ణి, డొల్ల చప్పుడొస్తే వెనక్కి రమ్మనేవాణ్ణి. నీళ్లకు మాత్రం తట్టి చూడటం పనికిరాదు. నీళ్లు నిలిచిన పాత బాయికి 60 మీటర్ల లోపుకొస్తే ముందుకు బోరు వేసుకుంటూ పోవాలని రూలు. రూలు పుస్తకంలో ఉంటుంది. 2003 జూన్‌లో గోదావరిఖనిలో ఒక బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. ఆ రోజు బాయి గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు ఇప్పటికీ మరిచిపోలేను. కాండర్‌స్టెగ్‌లో అలా నిలబడటానికి కూడా చాలామంది ఇంటివాళ్లు లేరేమో, ఇటలీలో ఎక్కడో ఉండి ఉంటారు.

"బాపూ, బస్సు పోతది" అని మావాడు రెండుసార్లు పిలిచాడు.

ఇక్కడ తర్వాత ఏం చేశారంటే, బురద నిండిన ఆ సొరంగం ముక్కను లోపల ఉన్నవాళ్లతో సహా మందపాటి గోడ కట్టి మూసేశారు. వెనక్కి వచ్చి, ముఖం నుంచి సుమారు 1.2 కిలోమీటర్ల దగ్గర పక్కకు తిప్పి, లోయను చుట్టుకుని గట్టి రాతిలోంచి తవ్వారు. సొరంగం 800 మీటర్లు పెరిగి 14.6 కిలోమీటర్లయింది. 1911 మార్చి 31న రెండు వైపుల మనుషులూ కొండ మధ్యలో కలిశారు.

సాయంత్రం రైలెక్కాం. మూత తీసిన నీళ్ల బాటిల్ కిటికీ దిమ్మ మీద పట్టుకుని కూర్చున్నాను. మావాడు ఫోన్లో సెకన్లు లెక్కపెట్టాడు. చీకటి. గోడ మీది దీపాలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. ఇంజినీర్లు వంపు దగ్గర పట్టాలను ఒక పక్కకు ఎత్తి వేస్తారు, మనిషికి ఆ తోపుడు తెలియకుండా. నీళ్లు కొద్దిగా కదిలినట్టే ఉంది. నా చెయ్యే కదిలిందేమో.

"వచ్చిందా?"

"ఏమోరా."

సొరంగం అవతలి కొస గొపెన్‌స్టైన్‌లో వెలుతురు పడేసరికి బాటిల్ ఇంకా నా చేతిలోనే ఉంది. మావాడు తీసుకుని గటగటా తాగేశాడు.