సముద్రపు పలక లోపలి భూకంపాలు: నన్ను ఒకసారి ఓడించి, ఒకసారి గట్టెక్కించిన ప్రశ్న

భూగర్భశాస్త్ర పోటీ పరీక్ష ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. జాబితాలో నా నంబరు నిజంగానే ఉందా అని ఇప్పటికీ ఫోను తీసి చూసుకుంటూనే ఉన్నాను. సిలబస్ ఏమిటో, పేపర్లు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు కనుక, ఏ పుస్తకం ఎన్నిసార్లు తిరగేశాను, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నాను అనే లెక్కల జోలికి పోను. కిందటిసారి మెయిన్స్‌లో నన్ను దెబ్బతీసిన ఒకే ఒక్క ప్రశ్న గురించి రాస్తాను. ఈసారి నా చదువు తీరు మారింది ఆ ప్రశ్న దగ్గరే.

సముద్రపు పలకల (సముద్రాల అడుగున భూమి పైపొరగా ఉండి కదిలే పెద్ద రాతి ముక్కల) అంతర్భాగంలో భారీ భూకంపాలు ఎలా సంభవిస్తాయో ఉదాహరణలతో చర్చించమని అడిగారు. చూడగానే సంబరపడ్డాను. ఒక పలక మరో పలక కిందికి దిగే బొమ్మ వేశాను, అది దిగే చోట సముద్రపు అడుగున ఏర్పడే లోతైన కందకాన్ని, అంటే ట్రెంచ్‌ను గుర్తించాను, రెండు పలకల మధ్య తలం ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఒక్కసారిగా జారడాన్ని వివరించాను. 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపాన్నీ, 2011 మార్చి 11 నాటి జపాన్ భూకంపాన్నీ ఉదాహరణలుగా ఇచ్చాను. మూడు పేజీలు నిండాయి. పరీక్ష ముగిసి మెట్లు దిగుతుంటే "అంతర్భాగంలో" అన్న మాట గుర్తుకొచ్చి కాళ్లు ఆగిపోయాయి. నేను రాసినవన్నీ రెండు పలకలు రాసుకునే సరిహద్దు తలం మీద వచ్చినవే. పలక తనంతట తాను లోపల పగిలిన ఉదాహరణ ఆ మూడు పేజీల్లో ఒక్కటి కూడా లేదు. చివరికి తొమ్మిది మార్కుల తేడాతో జాబితాకు అవతల ఉండిపోయాను.

కొన్నాళ్లు ప్రశ్నపత్రాన్ని తిట్టుకున్నాను. అందులో కొంత న్యాయం ఉందని ఇప్పటికీ అంటాను, ఎందుకంటే పలకలు దృఢమైనవనీ, వికృతి (ఆకారం మారడం) అంతా వాటి అంచుల్లోనే జరుగుతుందనీ మనం మొదటి పాఠం నుంచీ చదువుతాం, ప్రిలిమ్స్‌లో ఆ వాక్యం రాసినవారికే మార్కులు వస్తాయి. ఆ వాక్యం తప్పు కాదు కానీ, అది మొదటి అంచనా మాత్రమే. దాన్ని చివరి మాటగా పట్టుకుని కూర్చోవడం నా తప్పు.

ఆ తప్పును నాకు చూపించింది ఒక ట్రేసింగ్ కాగితం. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పశ్చిమాన సముద్రంలో 8.6 తీవ్రతతో ఒకటి, దాదాపు రెండు గంటల తర్వాత 8.2 తీవ్రతతో మరొకటి భూకంపాలు వచ్చాయి. వాటి అనంతర ప్రకంపనలను నేనే ఒక్కొక్కటిగా పటం మీద చుక్కలు పెట్టుకుంటూ వెళ్లాను. చుక్కలన్నీ ట్రెంచ్ పొడవునా వరుస కడతాయని నా నమ్మకం. అవి ట్రెంచ్‌కు నైరుతిగా వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, తూర్పు హిందూ మహాసముద్రంలోని వార్టన్ బేసిన్‌లో, ఇంకా దిగడమే మొదలుపెట్టని పలక మీద పడ్డాయి. పైగా ఒక్క గీతగా కాకుండా, ఇంచుమించు లంబకోణంలో ఒకదాన్నొకటి కోసుకునే గీతలుగా తేలాయి. ఒకటే భూకంపం అనేక భ్రంశాలను (శిల తెగి జారే పగుళ్లను) మలుపులు తిరుగుతూ చీల్చుకుపోయిందన్నమాట. కదలిక మాత్రం పక్కకు, అంటే స్ట్రైక్-స్లిప్. పరికరాలతో నమోదైన స్ట్రైక్-స్లిప్ భూకంపాల్లో ఇంతకు మించినది లేదు.

ఆ రాత్రి నేను తిరిగి తెరిచింది ఫ్రాక్చర్ జోన్ల (సముద్రపు అడుగున బారుగా సాగే పాత పగుళ్ల) పాఠం. కొత్త పలక పుట్టే సముద్రపు పర్వతశ్రేణిని రిడ్జ్ అంటాం; తెగిన రెండు రిడ్జ్ ముక్కల మధ్య భాగంలోనే, వాటిని కలిపే ట్రాన్స్‌ఫామ్ భ్రంశం కదులుతుందని 1965లో కెనడా భూభౌతిక శాస్త్రవేత్త టూజో విల్సన్ చెప్పినది మనందరికీ కంఠస్థమే. ఆ భాగం దాటాక మిగిలేది పాత మచ్చ మాత్రమేననీ, అది నిష్క్రియమనీ నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్నాను. మచ్చ నిష్క్రియంగా ఉండేది దాన్ని ఎవరూ కదపనంత వరకే. ఇండో-ఆస్ట్రేలియన్ పలక వాయవ్య భాగానికి హిమాలయాల దగ్గర యూరేషియా అడ్డు నిలుస్తుంటే, ఆగ్నేయ భాగం జావా కిందికి అంత అడ్డంకి లేకుండా దిగిపోతోంది. ఒకే పలకలో ఒక చివర ఆగుతూ, మరో చివర సాగుతుంటే మధ్య భాగం నలగక తప్పదు. మధ్య హిందూ మహాసముద్రంలో ఆ నలుగుడు మడతలుగా, ఉత్క్రమ భ్రంశాలుగా (నొక్కుడుకు ఒక వైపు పైకెక్కే పగుళ్లుగా) కనిపిస్తుంది. వార్టన్ బేసిన్‌లోనైతే ఉత్తర-దక్షిణంగా పడి ఉన్న పాత ఫ్రాక్చర్ జోన్లు మళ్లీ ప్రాణం పోసుకుని ఎడమవైపుకు జారుతున్నాయి. భారత, ఆస్ట్రేలియా పలకలను రెండుగా లెక్కించి, మధ్యలో విస్తరించిన సరిహద్దు ఉందనడానికి ఆధారం ఇదే.

ఇంత పెద్దది ఎలా అయిందన్నది తర్వాతి చిక్కు. సముద్రపు భూపటలం మందం ఆరేడు కిలోమీటర్లే కదా, అంత పలుచని పొరలో 8.6 ఎలా ఇముడుతుంది? చీలిక భూపటలంతో ఆగలేదు, కింది మాంటిల్‌లోకి దిగింది. సముద్రపు పలక వయసు పెరిగేకొద్దీ చల్లబడుతుంది, మాంటిల్‌లో ఆలివిన్ ఖనిజం ఎక్కువగా ఉన్న శిల సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాకా పెళుసుగానే ప్రవర్తిస్తుంది. అందువల్ల ముసలి పలకలో పగలగల మందం ఎక్కువ. ఇక్కడ మాటలు ఆపి లెక్క వేయండి. 8.6 తీవ్రతకు సీస్మిక్ మొమెంట్ (పగిలిన వైశాల్యం, జారుడు, శిల దృఢత మూడింటి లబ్ధం) దాదాపు 10²² న్యూటన్ మీటర్లు. సగటు జారుడు 10 మీటర్లు అనుకుందాం. ఖండంలోలా 15 కిలోమీటర్ల లోతుతో, 33 గిగాపాస్కల్ దృఢతతో లెక్కిస్తే భ్రంశం పొడవు 2000 కిలోమీటర్లు కావాలి, అది నమ్మశక్యం కాదు. 40 కిలోమీటర్ల లోతు, 60 గిగాపాస్కల్ దృఢత తీసుకుంటే 420 కిలోమీటర్లు చాలు, దాన్ని నాలుగైదు భ్రంశాలు పంచుకోవచ్చు. అంకెలు నేను ఉజ్జాయింపుగా ఎంచుకున్నవే అయినా, ఆ నాలుగు వరుసల లెక్క నాకు ఇరవై పేజీల నోట్సు కంటే ఎక్కువ నేర్పింది. 1998లో అంటార్కిటిక్ పలకలో బాలెనీ దీవుల దగ్గర వచ్చిన 8.1, 2018 జనవరిలో అలాస్కా సింధుశాఖలో వచ్చిన 7.9 కూడా ట్రెంచ్‌కు దూరంగా పలక లోపలే పగిలిన ఈ మొదటి కుటుంబానివే.

రెండో కుటుంబం ట్రెంచ్‌కు బయట, పలక కిందికి వంగే చోట ఉంటుంది. వంగిన పలక పైభాగం సాగుతుంది, కింది భాగం నొక్కుకుపోతుంది, పైన సామాన్య భ్రంశాలు (సాగుడుకు ఒక వైపు కిందికి జారే పగుళ్లు) తెగుతాయి. జపాన్‌లో 1933 సాన్‌రికు (8.4), ఇండోనేషియాలో 1977 సుంబా భూకంపాలు ఇందుకు ఉదాహరణలు. కురిల్ దీవుల జంటను మాత్రం విడిచిపెట్టకండి. 2006 నవంబరులో సరిహద్దు తలం 8.3తో జారింది, రెండు నెలలకు 2007 జనవరి 13న ట్రెంచ్‌కు అవతల పలక లోపల 8.1తో సామాన్య భ్రంశం తెగింది. బిగుసుకున్న తలం వదిలేయగానే, కిందికి లాగే బలం వెనకనున్న పలక మీదికి చేరిందని ఒక్క బొమ్మలో చూపించవచ్చు. 2009 సమోవా దీనికి తలకిందుల కథ, అక్కడ పలక లోపలి చీలిక, సరిహద్దు తలం నిమిషాల వ్యవధిలో కలిసి కదిలాయి.

మూడో కుటుంబం ఇప్పటికే కిందికి దిగిన పలకది, అంటే వడాటి-బెనియాఫ్ మండలానిది. 2017 సెప్టెంబరులో మెక్సికోను కుదిపిన 8.2 భూకంపం కోకోస్ పలక లోపల సుమారు 50 కిలోమీటర్ల లోతున వచ్చింది. ఆ లోతుల్లో ఖనిజాలు నీటిని వదలడం ప్రధాన వివరణ. 1994 బొలీవియా (8.2), 2013 ఒఖోట్స్క్ (8.3) భూకంపాలు 600 కిలోమీటర్లకు పైబడిన లోతులో వచ్చినవి. అక్కడ ఆలివిన్ రూపాంతరం (ఒత్తిడికి దాని స్ఫటిక నిర్మాణం మారడం), వేడితో తనంతట తాను పెరిగే జారుడు అనే రెండు వాదాలనూ రాసి, ఏదో ఒకదాన్ని తేల్చేయకుండా వదిలేయడమే మేలు.

ఒక్క ప్రశ్న కోసం నెల రోజులా అని నాతో చదివేవారు నవ్వారు. నవ్వడం వారి హక్కు. కానీ ఆ నెలలో నాకు అలవాటైన పని, ఆ తర్వాత ఆరు నెలలు మానలేదు. రోజుకొక భూకంపాన్ని తీసుకుని, పటంలో గుర్తించి, బీచ్‌బాల్ (భ్రంశం ఎటు జారిందో చూపే గుండ్రటి గుర్తు) గీసి, అది సరిహద్దుదో, పలక లోపలిదో, లోపలిదైతే ఏ కుటుంబానిదో పేరు చూడకుండా తేల్చుకునేవాణ్ని. ఇరవై నిమిషాల పని అది. దానికి కూడా తీరిక లేదనేవారు, అదే రోజున మూడు ప్రేరణ ప్రసంగాలు వినడానికి తీరిక ఎక్కడిదో చెప్పాలి. జ్వరం వచ్చిన రోజు నేనూ మానేశాను, అది వేరే సంగతి. ఏమైనా, మెయిన్స్‌లో ఈసారి ఆ అంశం రానే లేదు. బీచ్‌బాల్ ఇచ్చి భ్రంశం రకం చెప్పమన్న చిన్న ప్రశ్న మాత్రం వచ్చింది.

ఆ అంశం ఇంటర్వ్యూలో వచ్చింది. 2012లో 8.6 వచ్చినా పెద్ద సునామీ లేదు, 1933లో 8.4కే సాన్‌రికు తీరంలో 28 మీటర్లకు మించి నీరు లేచి మూడు వేల మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో ఎందుకు జరిగిందని ఒక సభ్యులు అడిగారు. కాగితం అడిగి రెండు బొమ్మలు వేశాను. ఒకదాంట్లో సముద్రపు అడుగు పక్కకు జరుగుతుంది, రెండోదాంట్లో కిందికి కుంగుతుంది, నీటిని కదిపేది రెండోదే. వెంటనే, 1933 చీలిక పలక పైభాగంలోనే ఆగిందా, మొత్తం మందాన్ని తెంచిందా అని ఎదురుప్రశ్న వేశారు. మొత్తం శిలావరణమే (పలక మందమంతా) తెగిందని 1971లో భూకంప శాస్త్రవేత్త హిరో కనమోరి వాదించారనీ, వంగుడు వల్ల తెగితే మాత్రం తటస్థ తలం (సాగుడూ నొక్కుడూ లేని మధ్య పొర) దగ్గర ఆగాలనీ, రెండింటికీ జవాబు అనంతర ప్రకంపనల లోతుల్లో వెతకాలనీ చెప్పాను. ఆయన తల ఊపి పక్కవారి వైపు చూశారు. ఆ పక్కవారు భూగర్భ జలాల మీద అడిగారు, దానికి నేను చెప్పింది సగమే.